ఊపిరి బయటికి వచ్చే దారి

(తిరుపతిలో సాధారణ శ్రోతల కోసం ఏర్పాటైన సాయంకాల సభలో ఒక ఛాతీ వైద్యుడు చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం.

ఆయాసంతో మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "గాలి లోపలికి పోవడంలే సార్." వాళ్ళ అనుభవం నిజంగా అదే, అందులో సందేహం లేదు. అయితే ఉబ్బసం ఉన్నవారిలోనూ, పొగ వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి, అంటే సి.ఓ.పి.డి., ఉన్నవారిలోనూ అసలు కష్టం గాలి లోపలికి పోవడంలో కన్నా బయటికి రావడంలోనే ఎక్కువగా ఉంటుంది. పాత ఊపిరి పూర్తిగా ఖాళీ కాకముందే కొత్త ఊపిరి తీసుకోవలసి రావడం వల్ల ఛాతీలో చోటు చాలదు. చోటు చాలకపోవడాన్ని రోగి గాలి పోవడం లేదని చెప్పుకుంటాడు. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే మందుల పేర్లు తెలియనక్కరలేదు గాని, ఊపిరితిత్తుల్లో గాలి నడిచే గొట్టాలు ఎలా కట్టబడి ఉన్నాయో తెలియాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ కట్టడం గురించే.

బడి పుస్తకాల్లో చదువుకున్న పేర్లనే వాడతాను. ముక్కు, గ్రసని, స్వరపేటిక దాటిన తరువాత మెడ ముందు భాగంలో చేతికి తగిలే గొట్టం వాయునాళం. అది రెండుగా చీలితే వచ్చేవి శ్వాసనాళాలు. అవి చీలుతూ చీలుతూ ఒక మిల్లీమీటరు కన్నా సన్నబడి, గోడలో మృదులాస్థి లేకుండా పోయినప్పుడు వాటిని శ్వాసనాళికలు అంటాము. వాటి చివర ఉండే గాలి సంచులు వాయుగోణులు. ముక్కు చేసే పనిని గురించి ఎక్కువ చెప్పను. గాలిని వెచ్చబరచడం, తడపడం, పెద్ద దుమ్మురేణువులను ఆపడం దాని పనులని మీకు తెలుసు. బయట మే నెల ఎండ ఉన్నా, డిసెంబరులో కొండ మీద మంచు కురుస్తున్నా, వాయుగోణులకు చేరేసరికి గాలి 37 డిగ్రీల వేడితో, నిండు తేమతో ఉండాలి. నోటితో రొప్పుతున్నప్పుడు ఆ పనిలో చాలా భాగం కింది గొట్టాల మీద పడుతుంది.

వాయునాళం పెద్దవారిలో సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని గోడలో 16 నుంచి 20 దాకా మృదులాస్థి కమ్ములు ఉంటాయి. అవి నిండు వలయాలు కావు. ఇంగ్లీషు సి అక్షరంలాగా వెనుక వైపు తెరిచి ఉంటాయి. ఆ తెరిచిన భాగాన్ని పలుచని కండరపు పొర మూసి ఉంచుతుంది. వెనుకనే ఆహారవాహిక ఉంది గనుక, ముద్ద దిగేటప్పుడు చోటు ఇవ్వడం కోసమే ఈ ఏర్పాటని చాలా పుస్తకాలు చెప్పి ఊరుకుంటాయి. ఆ మాట తప్పు కాదు గాని, మెత్తని వెనుక గోడకు అంతకన్నా పెద్ద పని ఒకటి ఉందని నా అభిప్రాయం. దగ్గు దగ్గరికి వచ్చినప్పుడు దాని సంగతి చెబుతాను.

వాయునాళం చీలే చోట కుడి ఎడమలు సమానంగా ఉండవు. కుడి శ్వాసనాళం వెడల్పైనది, పొట్టిది, సుమారు రెండున్నర సెంటీమీటర్లు; అది దాదాపు నిటారుగా కిందికి దిగుతుంది. ఎడమది సుమారు ఐదు సెంటీమీటర్ల పొడవుతో, గుండెను తప్పించుకుంటూ పక్కకు వాలి పోతుంది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. పెద్దవారికి పొలమారి ఏదైనా గొట్టంలోకి జారితే అది కుడివైపుకే పోయే అవకాశం ఎక్కువగా ఉండడానికి కారణం ఈ వాలు. పసిపిల్లల్లో మాత్రం రెండు వైపుల తేడా అంత గట్టిగా ఉండదు. ఎడమవైపు కూడా వెతకవలసి ఉంటుంది.

వేరుశనగ పండే ఈ ప్రాంతంలో ఈ విషయాన్ని కొంచెం నిలిచి చెప్పాలి. మన ఇళ్ళలో శనక్కాయలు లేని రోజు ఉండదు; పక్కన పాకే బిడ్డ ఉండగానే పెద్దలు ఒలుచుకుని తింటూ ఉంటారు. దవడ పళ్ళు రాని బిడ్డ గింజను నమలలేదు; నవ్వుతూనో ఏడుస్తూనో గట్టిగా ఊపిరి తీసినప్పుడు గింజ గొట్టంలోకి జారుతుంది. తల్లి ఆ క్షణంలో చూడకపోతే, తెరలుగా వచ్చిన దగ్గు కాసేపటికి తగ్గిపోతుంది, అందరూ మరిచిపోతారు. కాని గింజ అక్కడే ఉంటుంది. నూనెగింజ గనుక గొట్టపు లోపలి పొరను రేపుతుంది, తేమకు ఉబ్బుతుంది. ఎక్స్‌రేలో గింజ కనిపించదు. రాయి, నాణెం, ఎముక కనిపించినట్టు గింజలు కనిపించవు. మరి వైద్యుడు దేన్ని చూస్తాడు? గింజ చిక్కిన వైపు ఊపిరితిత్తి ఊపిరి వదిలినప్పుడు కూడా ఉబ్బే ఉండడాన్ని చూస్తాడు. ఊపిరి తీసినప్పుడు గొట్టం కొంచెం విప్పారుతుంది, గింజ పక్కనుంచి గాలి లోపలికి దూరుతుంది; వదిలినప్పుడు గొట్టం ముడుచుకుని గింజను బిగబడుతుంది, గాలి బయటికి రాదు. లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వకపోవడం అనే ఈ గుణం ఒక్క గింజ కథలోనే కాదు, ఇప్పుడు నేను చెప్పబోయే జబ్బులన్నిటిలోనూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

గొట్టంలోకి కడ్డీలాంటి పరికరాన్ని దింపి చిక్కిన వస్తువును తీయడం 1897లో మొదలైంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను అలా బయటికి తీశాడు. ఇప్పటికీ పిల్లల గొట్టంలోని గింజను తీయడానికి ఆ పద్ధతే, మెరుగైన పరికరాలతో, వాడుతున్నాము. పొలమారిన బిడ్డ గట్టిగా దగ్గుతూ ఏడుస్తూ ఉంటే ఆ దగ్గును ఆపకండి, నోట్లో వేలు పెట్టి వెతకకండి. దగ్గు రాక, మాట రాక, ముఖం నల్లబడితే మాత్రం ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసి తల కిందికి వంచి వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యన ఐదు నొక్కులు ఇవ్వాలి. పెద్ద పిల్లలకు వెనుకనుంచి పొట్ట పైభాగాన్ని లోపలికీ పైకీ నొక్కాలి. నాలుగైదేళ్ళు నిండేదాకా పిల్లలకు గింజను గింజగా పెట్టకుండా పొడిచేసి పెడితే వీటిలో ఏదీ అవసరం రాదు.

ఇక చీలికల సంగతికి వస్తాను. స్విట్జర్లాండ్‌కు చెందిన శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఎవాల్డ్ వైబెల్ 1963లో మనిషి ఊపిరితిత్తుల కొలతలను ప్రచురించాడు. ఆయన లెక్కలో వాయునాళం సున్నా తరం; అది రెండుగా చీలితే మొదటి తరం; అలా 23 తరాల దాకా చీలికలు ఉంటాయి. మొదటి 16 తరాలు గాలిని మోసుకుపోయే గొట్టాలు మాత్రమే, వాటి గోడల గుండా ప్రాణవాయువు రక్తంలోకి పోదు. పదిహేడో తరం నుంచి గోడల మీద అక్కడక్కడ వాయుగోణులు మొదలై, చివరి తరాల్లో గోడంతా వాయుగోణులే అవుతాయి. పదహారో తరంలో రెండుకు రెండు లెక్కన 65,536 గొట్టాలు వస్తాయి. నిజమైన ఊపిరితిత్తిలో చీలికలు ఇంత పద్ధతిగా ఉండవు, కొన్ని దారులు త్వరగా ముగుస్తాయి, కొన్ని పొడుగ్గా పోతాయి. అయినా లెక్క కోసం ఈ నమూనా బాగానే పనికి వస్తుంది.

చీలిన ప్రతిసారీ ఒక్కొక్క గొట్టం సన్నబడుతుంది గాని, అన్నిటినీ కలిపి చూసిన వెడల్పు పెరుగుతూ పోతుంది. వాయునాళపు అడ్డుకోత వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. పదహారో తరంలోని గొట్టాలన్నిటినీ కలిపితే అది సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. చివరి తరానికి పదివేల చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. చెరువు తూము దగ్గర ఉరికిన నీరు పెద్దకాలువ నుంచి పిల్లకాలువలకు, అక్కడినుంచి మళ్ళకు చేరేసరికి నడక మరిచిపోయినట్టుగా నిలిచిపోవడం మీరు చూసే ఉంటారు. గాలి కూడా అలాగే వాయునాళంలో ఉరుకుతూ బయలుదేరి, చివరి కొన్ని మిల్లీమీటర్ల దగ్గర ప్రవాహమన్నదే లేకుండా ఆగిపోతుంది. అక్కడినుంచి ప్రాణవాయువు వ్యాపనం వల్ల, అంటే ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తాను పాకడం వల్ల మాత్రమే ముందుకు పోతుంది. అంత దగ్గరి దూరానికి వ్యాపనం చాలు. వాయుగోణుల సంఖ్య సగటున 48 కోట్లని 2004లో జరిగిన లెక్కింపు చెబుతోంది.

మోసుకుపోయే గొట్టాల్లో నిలిచిన గాలి పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లు. మనం మామూలుగా తీసే ఊపిరి 500 మిల్లీలీటర్లయితే, అందులో 350 మాత్రమే రక్తానికి పనికి వచ్చే చోటికి చేరుతుంది. ఇందులోనుంచి ఒక లెక్క పుడుతుంది. నిమిషానికి 15 సార్లు 500 చొప్పున ఊపిరి తీసేవాడు మొత్తం ఏడున్నర లీటర్లు కదిలిస్తే, వాయుగోణులకు చేరేది ఐదుంపావు లీటర్లు. రొప్పుతూ నిమిషానికి 30 సార్లు 250 చొప్పున తీసేవాడు కదిలించేదీ ఏడున్నర లీటర్లే; కాని అతని వాయుగోణులకు చేరేది మూడు లీటర్లు. శ్రమ అంతే, ఫలం సగానికి కొంచెం ఎక్కువ. మెట్లు ఎక్కేవారికి నిదానంగా, లోతుగా ఊపిరి తీయమని చెప్పడంలో ఉన్నది ఈ లెక్కే.

సన్నని గొట్టం గాలిని ఎక్కువగా అడ్డుకుంటుందని అందరికీ తోస్తుంది. నునుపుగా సాగే ప్రవాహంలో గొట్టపు వ్యాసార్థం సగమైతే నిరోధం పదహారు రెట్లవుతుందని పాయిజ్యూల్ సూత్రం. అయితే చిట్టచివరి శ్వాసనాళికలే అన్నిటికన్నా ఎక్కువ అడ్డు కావాలి కదా అని ఒకప్పుడు వైద్యులు కూడా అనుకున్నారు. 1967లో పీటర్ మాక్లెమ్, జెరె మీడ్ అనే పరిశోధకులు గొట్టాల లోపలే ఒత్తిడిని కొలిచి చూస్తే, రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నని గొట్టాలన్నీ కలిపి చూపే నిరోధం మొత్తంలో చిన్న వంతేనని తేలింది. ఒక్కొక్కటి సన్ననిదే, కాని వేలకు వేలు పక్కపక్కన ఉన్నాయి గనుక ఆ అడ్డు పంచుకుపోతుంది. ఎక్కువ అడ్డు మధ్యరకం శ్వాసనాళాల దగ్గర ఉంది.

ఆరోగ్యవంతుడికి ఇది వరమే. రోగికి మాత్రం ఇదే మోసం చేస్తుంది. పొగ వల్ల వచ్చే జబ్బు మొదలయ్యేది ఆ సన్నని గొట్టాల్లోనే. అక్కడ సగం గొట్టాలు పాడైనా మొత్తం నిరోధంలో తేడా పెద్దగా తెలియదు. మనిషి తిరుగుతూనే ఉంటాడు, బీడీ తాగుతూనే ఉంటాడు, కట్టెల పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళు కూర్చుంటూనే ఉంటారు. 1968లో మాక్లెమ్, జేమ్స్ హాగ్, విలియం థర్ల్‌బెక్ కలిసి రోగుల ఊపిరితిత్తులను పరిశీలించినప్పుడు నిరోధం అనేక రెట్లు పెరిగింది ఈ సన్నని గొట్టాల్లోనేనని రుజువైంది. హాగ్ బృందమే 2011లో సూక్ష్మ సి.టి. స్కాన్లతో మరొక సంగతి తేల్చింది: వాయుగోణుల గోడలు చిరిగిపోకముందే చివరి శ్వాసనాళికలు సన్నబడి, సంఖ్యలో తగ్గిపోతాయి. అంటే ఆయాసం తెలిసేసరికి జబ్బుకు ఏళ్ళ వయసు వచ్చేసి ఉంటుంది. కట్టెల పొగను సిగరెట్టు పొగ కన్నా తక్కువ చేసి చూడడం మనలో ఉన్న చెడ్డ అలవాటు. ఎప్పుడూ పొగతాగని ముసలమ్మ ఆయాసాన్ని వయసు ఖాతాలో రాసేస్తాము.

ఇప్పుడు గోడల నిర్మాణం. వాయునాళంలో కమ్ములుగా ఉన్న మృదులాస్థి శ్వాసనాళాల్లో ముక్కలు ముక్కలై, శ్వాసనాళికల్లో అసలే లేకుండా పోతుంది. ఆ స్థానంలో గొట్టం చుట్టూ నునుపు కండరం ఉంటుంది. మృదులాస్థి లేని మెత్తని గొట్టం మూసుకుపోకుండా ఎలా తెరుచుకుని ఉంటుంది? దాని చుట్టూ ఉన్న వాయుగోణుల గోడల్లోని సాగే పోగులు అన్ని వైపులా దాన్ని పట్టి లాగి ఉంచుతాయి. ఊపిరి నిండా తీసినప్పుడు ఆ పోగులు బిగుసుకుని గొట్టం విప్పారుతుంది. వదిలినప్పుడు పోగులు వదులై గొట్టం సన్నబడుతుంది. ఆరోగ్యవంతుల్లో కూడా శ్వాసనాళికలు ప్రతి ఊపిరికీ ఇలా విప్పారుతూ ముడుచుకుంటూనే ఉంటాయి.

బలంగా ఊదినప్పుడు మరొకటి తోడవుతుంది. ఛాతీ కండరాలు బిగించి గాలిని బయటికి తోసేటప్పుడు ఆ ఒత్తిడి వాయుగోణుల మీదే కాక గొట్టాల మీద కూడా బయటినుంచి పడుతుంది. గొట్టం లోపలి ఒత్తిడి వాయుగోణుల నుంచి నోటి వైపు వచ్చేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఎక్కడో ఒక చోట లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానమవుతాయి. అక్కడినుంచి నోటి వైపున్న భాగంలో బయటి ఒత్తిడిదే పైచేయి, గొట్టం నొక్కుకుపోతుంది. మామూలు మనిషిలో ఈ సమాన స్థానం మృదులాస్థి ఉన్న పెద్ద శ్వాసనాళాల్లో పడుతుంది గనుక పెద్ద నష్టం లేదు. పోగులు చిరిగి, సన్నని గొట్టాలు ఇరుకైన రోగిలో ఆ స్థానం మెత్తని గొట్టాల్లోకి జరిగిపోతుంది. అతను ఎంత బలంగా ఊదితే అంత గట్టిగా గొట్టాలు మూసుకుంటాయి. బలం పెంచినా గాలి వేగం పెరగదు. ఇరుకు దారిలో నుంచి దూరివచ్చే గాలికి గోడలు అదరడం వల్ల వచ్చే చప్పుడునే మనం పిల్లికూతలు అంటాము. అవి ముందుగా ఊపిరి వదిలేటప్పుడే వినిపించడానికి కారణం ఇప్పుడు మీకు తెలిసింది. సి.ఓ.పి.డి. రోగులు ఎవరూ నేర్పకుండానే పెదవులు ముడిచి నెమ్మదిగా ఊదడం మీరు గమనించి ఉండవచ్చు. పెదవుల దగ్గర అడ్డు పెడితే గొట్టాల లోపలి ఒత్తిడి నిలబడి, అవి తొందరగా మూసుకోవు. శరీరం తనంతట తాను కనిపెట్టుకున్న ఈ ఉపాయాన్ని ఇప్పుడు మేము అందరికీ నేర్పుతున్నాము.

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి కదిలిస్తాడు. గాలిగోపురం ముందరి నిటారు మెట్ల మీద అది ఎన్నో రెట్లవుతుంది. ఊపిరి వేగం పెరిగిందంటే ఒక్కొక్క ఊపిరికి దొరికే సమయం తగ్గిందన్నమాట. ఆరోగ్యవంతుడి గొట్టాలు, నిండా పీల్చి బయటికి ఊదగల గాలిలో 70 నుంచి 80 శాతాన్ని మొదటి ఒక్క సెకనులోనే బయటికి పంపగలవు గనుక అతనికి ఇబ్బంది లేదు. గొట్టాలు ఇరుకైనవాడికి ఆ సమయం చాలదు. ప్రతి ఊపిరిలో కొంత గాలి లోపలే మిగులుతుంది, తరువాతి ఊపిరి దాని మీద వచ్చి పడుతుంది. పది ఇరవై ఊపిరులకు ఛాతీ పీపాలా ఉబ్బి, ఛాతీకి అడుగున గుమ్మటంలా ఉండే ఊపిరి కండరం, ఉదరవితానం, చదునై, ఇక లోపలికి తీసుకోవడానికి కండరానికి కదలిక మిగలదు. అప్పుడే అతను మెట్టు మీద కూలబడి గాలి పోవడం లేదంటాడు. పక్కవాళ్ళు "గట్టిగా పీల్చు, గట్టిగా పీల్చు" అంటారు. చెప్పవలసింది నిదానంగా వదలమని. కొండ మీద గాలి పలచన గనుక ఆయాసం వచ్చిందనే మాటను కూడా వింటుంటాము. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే పదోవంతు మాత్రమే తక్కువ. ఆయాసం గాలి పలచనది కావడం వల్ల కాదు, గొట్టాల వల్ల, కాళ్ళ శ్రమ వల్ల.

ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పరీక్ష స్పైరోమెట్రీ. ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందో కొలిచే పరికరాన్ని 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ ప్రకటించాడు. ఆయన కొలిచింది పరిమాణాన్ని. మొదటి సెకనులో ఎంత వస్తుందో చూడాలన్న ఆలోచన మాత్రం 1947లో ఫ్రాన్స్‌లో టిఫెనో దగ్గర మొదలైంది, నూరేళ్ళు పట్టిందన్నమాట. గొట్టం విస్తరించే మందు ఇచ్చిన తరువాత కూడా మొదటి సెకనులో వచ్చే వాటా 70 శాతం కన్నా తక్కువగా ఉంటే గొట్టాలు ఇరుకయ్యాయని అనుమానిస్తాము. రక్తపోటు చూపించుకున్నంత సులువుగా మన ఊళ్ళలో ఈ పరీక్ష జరగడం లేదు. నలభై దాటి, పొగలో బతికి, పొడిదగ్గో తెమడదగ్గో వదలనివారు ఎక్స్‌రే బాగుందని తృప్తిపడడం సరికాదు. ఎక్స్‌రే గొట్టాల వేగాన్ని చెప్పదు.

గొట్టాలు నొక్కుకుపోవడం ఎల్లప్పుడూ చెరుపే చేస్తుందని అనుకోకండి. దగ్గేటప్పుడు మనం లోతుగా ఊపిరి తీసి, స్వరపేటికను క్షణకాలం మూసి, ఛాతీ కండరాలను బిగించి, ఒక్కసారిగా తెరుస్తాము. ఆ ఒత్తిడికి వాయునాళపు మెత్తని వెనుక గోడ లోపలికి చొచ్చుకువచ్చి దారిని సన్నని చీలికగా మారుస్తుంది. అదే గాలి ఇరుకు దారిలో నుంచి పోవలసివచ్చి వేగం అనేక రెట్లు పెరుగుతుంది, గోడకు అంటుకున్న తెమడను పీకి బయటికి విసురుతుంది. కమ్ములు నిండు వలయాలై ఉంటే ఈ వేగం వచ్చేది కాదు. ఇందాక చెబుతానన్న పని ఇదే.

దగ్గు అవసరం రాకుండానే రోజంతా శుభ్రం చేసే ఏర్పాటు మరొకటి ఉంది. శ్వాసనాళాల లోపలి పొరలో ఒక్కొక్క కణం మీద రెండు వందల దాకా శైలికలు, అంటే కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకల్లాంటివి, ఉంటాయి. అవి సెకనుకు పది పదిహేను సార్లు ఒకే వైపుకు, గొంతు వైపుకు, కొట్టుకుంటాయి. వాటి అడుగున పలుచని నీటి పొర, పైన జిగురు శ్లేష్మపు పొర. దుమ్ము, సూక్ష్మజీవులు శ్లేష్మానికి అంటుకుని నెమ్మదిగా పైకి కదిలి గొంతులోకి వచ్చి, మనకు తెలియకుండానే మింగబడతాయి. ఇక్కడ కూడా బయటికి వచ్చే దారిదే చిక్కు. వేల గొట్టాల నుంచి వచ్చే శ్లేష్మం అంతా కలిసి చివరకు ఒక్క వాయునాళంలోకి రావాలి. దారిలో గోడలు నీటిని పీల్చుకోకపోతే గొట్టం మునిగిపోతుంది, అతిగా పీల్చుకుంటే శ్లేష్మం గట్టిపడి బిరడా అవుతుంది. పొగాకు పొగ శైలికలను మందగింపజేసి, శ్లేష్మం చేసే కణాలను పెంచుతుంది. పొగతాగేవారి పొద్దుటి దగ్గు, రాత్రంతా శైలికలు ఎత్తలేకపోయిన బరువును దగ్గు ఎత్తడమే.

గొట్టాల చుట్టూ ఉన్న నునుపు కండరం మన ఇష్టానికి లోబడదు. వేగస్ నాడి దాన్ని బిగిస్తుంది. రక్తంలో తిరిగే అడ్రినలిన్ వదులు చేస్తుంది. మెట్లెక్కేవాడి గొట్టాలు అడ్రినలిన్ వల్ల కొంత విప్పారుతాయి. రాత్రి ఆ అడ్రినలిన్ తగ్గి, వేగస్ బలం పెరిగి, తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో అందరి గొట్టాలూ కొంచెం ఇరుకవుతాయి. మనకు అది తెలియదు. ఉబ్బసం ఉన్నవారి గొట్టాలు మాత్రం వాపుతో ముందే ఇరుకై ఉంటాయి గనుక, ఊరు సుప్రభాతానికి లేచే వేళకు వాళ్ళు మంచం మీద లేచి కూర్చుంటారు. పగలు వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు ఛాతీ శుభ్రంగా వినిపించవచ్చు. రాత్రి సంగతి అడగని వైద్యుడికి ఉబ్బసం దొరకదు.

రాత్రి దగ్గు అనగానే మన ప్రాంతంలో వినిపించే పేరు ఈస్నోఫీలియా. ఈ జబ్బు చరిత్రకు మన గడ్డతో సంబంధం ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో పనిచేసిన డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. ఎక్స్‌రేలో క్షయలాగే కనిపిస్తూ, తెమడలో క్షయక్రిములు లేకుండా, రక్తంలో ఈసినోఫిల్ అనే రకం తెల్ల కణాలు విపరీతంగా పెరిగిన రోగులను వారు వేరు చేసి చూపారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ఉష్ణమండల ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం అతిగా స్పందించడమే దీనికి కారణమని తరువాత తేలింది. డైఇథైల్‌కార్బమజీన్ మందుకు బాగా లొంగుతుంది. క్షయ కానివారిని క్షయ నుంచి విడదీసిన గొప్ప పరిశీలన అది. దురదృష్టం ఏమంటే, ఇప్పుడు రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ రెండు మూడు శాతం ఎక్కువ కనిపించగానే ఉబ్బసం ఉన్న ప్రతివారికీ ఈ పేరు తగిలిస్తున్నారు. ఎలర్జీలోనూ, పొట్టలో నులిపురుగులున్నప్పుడూ ఆ కణాలు పెరుగుతాయి. ఉబ్బసమని చెబితే పెళ్ళి సంబంధం తప్పిపోతుందన్న భయంతో ఈస్నోఫీలియా అని చెప్పమని అడిగే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. పేరు మారిస్తే వైద్యం మారుతుంది, బిడ్డకు ఇన్‌హేలర్ అందదు.

ఇన్‌హేలర్‌కు అలవాటు పడిపోతారన్న మాటకు ఆధారం లేదు. మందు మింగితే రక్తమంతా తిరిగి గొట్టాలకు చేరాలి. పీలిస్తే మైక్రోగ్రాముల్లో ఇచ్చినా నేరుగా గొట్టపు గోడ మీద పడుతుంది. 1969లో వాడుకలోకి వచ్చిన సాల్బుటమాల్ కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. గోడలోని వాపు తగ్గాలంటే పీల్చే స్టెరాయిడ్ కావాలి. రెండోది మానేసి మొదటిదాన్నే పదే పదే కొట్టుకోవడం ప్రమాదకరం.

పీల్చడంలో కూడా గొట్టాల లెక్కే నడుస్తుంది. రేణువు పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే గొంతు మలుపులోనే గుద్దుకుని ఆగిపోతుంది. ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మధ్య ఉన్నవి లోపలి గొట్టాలకు చేరుతాయి. నొక్కితే తుంపర వచ్చే రకం ఇన్‌హేలర్‌ను వేగంగా పీలిస్తే చిన్న రేణువులు కూడా వేగానికి మలుపు తిరగలేక గొంతుకే తగులుతాయి. అందువల్ల ముందు ఊపిరిని చివరిదాకా వదలాలి. ఈ మెట్టును ఎక్కువమంది దాటవేస్తారు, నిండిన ఛాతీలోకి మందు ఎక్కడికి పోతుంది? తరువాత నొక్కుతూ మూడు నుంచి ఐదు సెకన్ల పాటు నిదానంగా, లోతుగా పీల్చి, పది సెకన్ల దాకా బిగబట్టాలి. ఆ పది సెకన్లలో రేణువులు తమ బరువుతో గోడల మీదికి దిగుతాయి. చేయి, ఊపిరి కలవనివారికి, పిల్లలకు, వృద్ధులకు ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే చాలు. పొడి మందున్న క్యాప్సూల్ వేసే రకానికి మాత్రం దీనికి విరుద్ధం: పొడిని చెదరగొట్టేది మీ ఊపిరే గనుక దాన్ని వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద బూజు వంటి తెల్లని పూత రావచ్చు. ఎవరి దగ్గరైనా ఇన్‌హేలర్ ఉంటే ప్రశ్నల వేళలో వేదిక దగ్గరికి తీసుకురండి, మీరు పీల్చే తీరు చూసి సరిచేస్తాను.